అవ్వ చేతి నుంచి జారిన పెంకు

నా చిన్నప్పుడు తొర్రూరులో పెంకుటిల్లు ఉన్న ప్రతివాళ్లకూ ఏడాదికి ఒక్కసారైనా మా అవ్వతో పని పడేది. అవ్వ ఇళ్ల కప్పులెక్కే మనిషి. పగిలిన గూన పెంకులు తీసి కొత్తవి వేయడం, పక్కకు జరిగినవాటిని సర్దడం, అన్నిటికంటే ముఖ్యంగా పెంకుల మీద పట్టిన పాచి గీకడం ఆమె పని. నిజానికి అది మా తాత పని. ఒక వానాకాలం ఎవరిదో ఇల్లు కారుతున్నదంటే తాత పైకెక్కి, పాచి మీద కాలు జారి, కిందున్న రోలు మీద పడ్డాడట. మళ్లీ మాట్లాడలేదట. దినాలు కాగానే అవ్వ చీర గోచీ పెట్టి కట్టుకుని, అదే నిచ్చెన వేసుకుని, తాత సగంలో వదిలేసిన కప్పు ఎక్కిందని మా అమ్మ చెప్పేది. ఆడమనిషి ఇల్లెక్కడమేమిటని కొన్నాళ్లు నోళ్లు నొక్కుకున్న ఊరే, తర్వాత పాలకుర్తి నుంచీ జఫర్‌గఢ్ నుంచీ కూడా ఆమె కోసం మనుషులు వస్తుంటే గొప్పగా చెప్పుకునేది.

పాచి అంటే అవ్వకు పగ. ఎండాకాలం చివర్లో, అది ఎండి పొరలు లేచినప్పుడే గీకాలనేది. అప్పుడైతే మొండి కొడవలితో ఇలా తాకగానే పొట్టులా రాలిపోతుంది. రెండు వాలులూ కలిసే కొప్పు నుంచి కిందున్న చూరు వైపుకే గీకాలి. కింది నుంచి పైకి గీకితే పెంకు లేచి, దాని కిందికి నీళ్లు పోతాయి. గీకిన తర్వాత కొబ్బరి పీచుతో రుద్ది, మైలుతుత్తం కలిపిన సున్నపు నీళ్లు చల్లేది. ఆ నీలి రంగు ఆమె గోళ్లలో ఎప్పుడూ ఉండేది. ఇదంతా చేసినా, కప్పు మీదికి వాలిన చెట్టు కొమ్మ కొట్టకపోతే మళ్లీ ఏడాదికి పాచి వస్తుందని ఇంటివాళ్లతో పోట్లాడి మరీ కొమ్మలు కొట్టించేది. పని జరుగుతున్నంతసేపూ చూరు కింద పిల్లిని కూడా తిరగనిచ్చేది కాదు. అన్నేళ్లలో ఆమె చేతి నుంచి ఒక్క పెంకు కింద పడలేదు. ఊళ్లో ఆమెకున్న పేరంతా ఆ ఒక్క మాటలో ఉండేది.

అమ్మా నాయినా కూలి పనులకు ఊళ్లు పట్టుకుని పోయినప్పుడల్లా నేనూ మా అన్నా అవ్వ దగ్గరే ఉండేవాళ్లం. అరవై తొమ్మిదిలో నాకు పదకొండేళ్లు. అన్న హైస్కూల్లో చివరి తరగతి. ఆ ఏడు బడులు సరిగా నడవలేదు. పిల్లలు తరగతుల నుంచి రోడ్డు మీదికి వచ్చేశారు. బస్సులు ఆగిపోయేవి, దుకాణాలు మూతపడేవి, పొద్దునా సాయంత్రం జై తెలంగాణ అని ఊరేగింపులు. అన్న ముందు వరుసలో ఉండేవాడు. ఒకరోజు వరంగల్ రోడ్డు మీద బైఠాయించినవాళ్లను పోలీసులు లాఠీలతో కొట్టారు. అన్నను ఇద్దరు మోసుకొచ్చారు. చొక్కా విప్పితే వీపు మీద చర్మం కనిపించలేదు, అంతా నల్లటి చారలే. అవ్వ ఉప్పు వేడి చేసి గుడ్డలో కట్టి కాపుతుంటే, అన్న మూలగకుండా దిండు కొరికాడు. అతని దోస్తు ఒకతనికి తల పగిలింది. అతన్ని వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు.

మా వీధి చివర లెక్కల సారు ఉండేవారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. భార్యా, ఆయనా, అద్దె ఇల్లు. చెడ్డ మనిషి అని ఎవరూ అనేవారు కాదు, కానీ నాకు ఆయనంటే గొంతుదాకా మంట. బళ్లో ఎక్కం చెప్పమంటే నేను "పదారు" అన్నాను. మా ఇంట్లో అందరం అట్లాగే అంటాం. ఆయన నవ్వి, నా గొంతును అనుకరిస్తూ "పదారు" అని సాగదీసి, "పదహారు అనాలమ్మా. నోరు తెరిచి చెప్పు" అని పదిసార్లు చెప్పించారు. తరగతంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత నేను నోరు తెరిచి "గిట్లనా సారూ" అన్నా, "గట్ల" అన్నా ఆయన నవ్వేవారు. వీధిలో పిల్లలకు నా పేరే పదారు అయిపోయింది. బళ్లో మాట్లాడటం మానేశాను.

ఆ యేడు బందుల వల్ల అవ్వ పనులన్నీ వెనకబడ్డాయి. సారు ఉంటున్న ఇంటి కప్పు గీకాల్సింది ఎండల్లో, కానీ అవ్వకు కుదిరేసరికి రెండు వానలు పడనే పడ్డాయి. ఆ ఇంటి వెనక వైపు చింతచెట్టు నీడ. ఆ వాలు మీద పాచి అప్పటికే పచ్చగా, మెత్తగా ఉబ్బి ఉంది. నేను రానని మొండికేశాను.

"ఆంధ్రోళ్ల ఇంటికి నేను రాను," అన్నాను.

"ఇల్లు వాళ్లది గాదు, కిరాయికున్నరు," అంది అవ్వ. "ఎవలిదైతేంది? వాన పడితె కింద పండినోడు తడుస్తడు. నడువు."

ఆ పొద్దున వీధి ప్రశాంతంగానే ఉంది. అవ్వ వెనక వాలు మీద గోనెసంచి మడిచి మోకాళ్ల కింద పెట్టుకుని, నడుముకు కట్టిన తాడు కొప్పు దూలానికి ముడివేసుకుని గీకుతోంది. నేను కొప్పు మీద కూర్చుని, ఆమె పక్కకు తీసి ఇచ్చిన పెంకులు అందుకుని ముందు వాలు మీద వరుసగా పేర్చుతున్నాను. అక్కడి నుంచి ఇంటి ముందూ వెనకా రెండూ కనిపిస్తాయి. సారు వాకిట్లో నిలబడి, "జాగ్రత్తండీ, అక్కడ తడిగా ఉంది," అన్నారు పైకి చూసి. అవ్వ గీకుతూనే ఉంది, ఆయన లోపలికి వెళ్లిపోయారు.

దవాఖానలో ఉన్న అన్న దోస్తు చనిపోయాడన్న కబురు ఆ పొద్దునే ఊళ్లోకి వచ్చింది. మాకు తెలియదు. మాకు మొదట వినిపించింది కేకలే. తర్వాత వీధి మలుపు తిరిగి జనం కనిపించారు. ఎప్పటి ఊరేగింపులా లేదు. నినాదాలు లేవు. చేతుల్లో కర్రలు, రాళ్లు. నాకు తెలిసిన మొహాలే, కానీ తెలిసినవాళ్లలా లేరు. మొదటి రాయి తలుపుకు తగిలింది. రెండోది నా మోకాలి పక్కన పెంకును పగలగొట్టింది. పెంకు ముక్క నా చెంప మీద గీసుకుపోయింది. "పండుకోయే!" అని అవ్వ అరిచింది. పొట్ట మీద పడుకున్నాను.

సారు తలుపు తీసి బయటికి వచ్చారు. లోపల భార్య ఉంది కాబట్టి బయటికే వచ్చి ఉంటారని ఇప్పుడు అనుకుంటాను. రెండు చేతులూ ఎత్తి ఏదో చెప్పబోయారు. ఎవరో కర్రతో మోకాళ్ల మీద కొట్టారు. వాకిట్లో కూలబడ్డారు. ఒకతను జుట్టు పట్టుకున్నాడు, ఇంకొకతను డొక్కలో తన్నాడు. కళ్లద్దాలు పగిలిన చప్పుడు నాకు పైకి వినిపించింది. నేను కొప్పు దిగి ముందు వాలు మీదుగా చూరుదాకా జారుకుంటూ వచ్చాను. నా చేతిలో పెంకు ఉంది. నేను పేర్చినవాటిలోదే. సారు లేవబోయి తల పైకెత్తారు. విసిరాను.

అది ఆయన ఎడమ చెవి మీద తగిలి రెండు ముక్కలైంది. ఆయన చెయ్యి చెవి మీదికి పోయింది. వేళ్ల సందుల్లోంచి రక్తం మోచేతి దాకా కారింది. ఆయన నన్ను చూశారు. కింద ఎవరో "శెభాష్ పిల్లా!" అన్నారు. నాకు సంతోషం వేసింది. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. ఒళ్లంతా తేలికై, ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెనక్కి తిరిగితే కొప్పు మీదుగా అవ్వ మొహం కనిపించింది. ఆమె కూడా చూసింది.

ఆమె నన్నేమీ అనకముందే, నేను మళ్లీ కొప్పు మీదికి పాకుతుండగా, వెనక ఇంకా కొట్టించని చింతకొమ్మ కదిలింది. కొమ్మ మీదుగా కప్పు మీదికి వస్తున్నది మా అన్న. ఒక చేతిలో కిరసనాయిలు డబ్బా, నడుములో దోపుకున్న, గుడ్డ చుట్టిన కాగడా కర్ర.

"దిగవ్వా. నువ్వూ చెల్లె దిగుండ్రి," అన్నాడు. ఏడ్చి ఏడ్చి అతని గొంతు బొంగురుపోయి ఉంది. "వాడు సచ్చిపోయిండే. ఇయ్యాల గీ ఇల్లు కాలాలె."

"రాకు బిడ్డా! పాచి తడిగున్నది! అడుగు పెట్టకు!" అవ్వ అరిచిన ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తాత పడ్డ రోజు అరవలేకపోయిన అరుపేమో అది.

అన్న అడుగు పెట్టాడు. కాలు పక్కకు పోయింది. డబ్బా చేతిలోంచి దొర్లిపోయింది. వెల్లకిలా పడి జారుతున్నవాడి మీదికి అవ్వ తాడు సాగినంత మేర దూకి చొక్కా కాలరు దొరకబుచ్చుకుంది. రెండు క్షణాలు వేలాడాడు. చొక్కా వీపు దాకా చిరిగిపోయింది. కింద బట్టలుతికే బండ మీద పడ్డాడు. కర్ర విరిగినట్టు చప్పుడైంది. అది అతని కాలు.

అదే సమయంలో ముందు వైపు ఎవరో "పోలీసులొచ్చిండ్రు!" అని అరిచారు. అంతమందీ ఎటు పోయారో తెలియదు. వీధి ఖాళీ అయిపోయింది. అన్న కోసం ఒక్కరూ ఆగలేదు.

అవ్వ తాడు కోసుకుని నిచ్చెన మీద సగం దిగి సగం దూకింది. నేను వెనకే దిగాను. పెరటి తలుపు తెరుచుకుంది. సారు భార్య గడపలో నిలబడి ఉంది. ఆమె వెనక, గోడకు ఆనుకుని, చెవి మీద తువ్వాలు అదుముకుని సారు. ఆమె మా అన్నను చూసింది. మోకాలి కింద వంకరపోయిన కాలును చూసింది. పక్కన పడి ఉన్న డబ్బాను చూసింది. గాలి నిండా కిరసనాయిలు వాసన. ఆ పిల్లవాడు దేనికి వచ్చాడో ఆమెకు చెప్పనక్కర్లేదు.

బూట్ల చప్పుడు వీధి మొదట్లో వినిపిస్తోంది.

"లోపలికి తీసుకురండి," అందామె. "తొందరగా."

అవ్వా ఆమే చెరో చంకా పట్టి అన్నను ఈడ్చారు. అన్న నోట్లో అవ్వ కొంగు కుక్కింది. వంటింటి పక్క గదిలో పడుకోబెట్టి పరుపులూ బొంతలూ మీద వేశారు. ఆమె మళ్లీ పెరట్లోకి వచ్చి ఆ డబ్బా తీసుకెళ్లి, పొయ్యి దగ్గర వాళ్ల సొంత కిరసనాయిలు డబ్బా పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది.

పోలీసు జమేదారు ఇద్దరు జవాన్లతో లోపలికి వచ్చాడు. సారును చూసి, "ఎవడు గొట్టిండు సారూ? పేర్లు చెప్పుండ్రి. ఒక్కొక్కని తోలు తీస్త," అన్నాడు. అన్న వీపు మీది చారలు నా కళ్ల ముందు కదిలాయి. నేను తలుపు చాటున నిలబడి ఉన్నాను. సారు చూపు నా మీద పడింది. నా చెంప మీది రక్తం, ఎర్రమట్టి అంటిన నా చేతులు అన్నీ చూశారు. ఒక్క మాట చాలు. నన్ను కొట్టేవారో లేదో కానీ, మా ఇంటికి వచ్చేవారు, అన్న కోసం వెతికేవారు.

"తోశారండీ, అది నిజమే. వాళ్లెవరో నాకు తెలియదు," అన్నారు సారు. "ఈ చెవి దెబ్బ వాళ్లది కాదు. పైన పాచి గీకుతున్నారు. పెంకు జారి పడింది."

జమేదారు అవ్వ వైపు తిరిగాడు. "నిజమేనా ముసలిదానా?"

అవ్వ చేతులకంటిన పాచి చీరకు తుడుచుకుంది. నా వైపు చూడలేదు.

"నిజమే సారూ," అంది. "నా చేతుల నుంచే జారింది. పాచి మీద పట్టు తప్పింది."

"పని రాకుంటె ఎందుకెక్కినవే?" అని జమేదారు లాఠీ ఎత్తాడు. మొదటి దెబ్బ ఆమె కుడి ముంజేతి మీద పడింది. రెండోది అదే చోట. "వద్దండీ, పెద్దావిడ!" అని సారు అడ్డం రాబోయి తూలి పడ్డారు. అవ్వ అరవలేదు, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నేను కొట్టిన దెబ్బ అని నా నోటి చివరిదాకా వచ్చింది. గది లోపల అన్న ఉన్నాడు.

పోలీసులు పోయాక అవ్వ, ఆ కప్పులోంచి తీసిన వెదురు బద్దలతోనే అన్న కాలికి కట్టు కట్టింది. పొద్దుపోయే వేళకు బండి మీద గడ్డి కప్పి, ఎముకలు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. కాలు అతికింది కానీ పొట్టిదైంది. అన్న ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

ఇంటికి వచ్చాక అవ్వ నన్ను కొడుతుందని ఎదురుచూశాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె అన్నం పెట్టింది, తాను ఎడమ చేత్తో తింది, పడుకుంది. తెల్లారి నన్ను తట్టి లేపి, "లే. కప్పు సగమే అయింది," అంది. ఆమె కుడి చెయ్యి మోచేతి దాకా వాచి ఉంది. కొడవలి పట్టలేదు. అందుకని నేను గీకాను. ఆమె నా నడుము తాడు పట్టుకుని పైన కూర్చుని ఎలా గీకాలో చెప్పింది. రాళ్లకు పగిలిన పెంకులన్నీ తీసి కొత్తవి వేయించింది. మేమింకా పైన ఉండగానే కింద ఒక లారీ వచ్చి ఆగింది. సారు వాళ్లు వెళ్లిపోతున్నారు. మంచం, రెండు పెట్టెలు, గిన్నెలు. ఆయన తల చుట్టూ గుడ్డ కట్టు.

"పోయి రా," అంది అవ్వ. అంతే అంది.

దిగి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఏమనాలో తెలియలేదు. చివరికి, "నేనే కొట్టిన సారూ," అన్నాను.

ఆయన తల కొంచెం తిప్పి కుడి చెవి నా వైపు పెట్టారు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"తెలుసమ్మా," అన్నారు. "ఎందుకు కొట్టావు?"

"మీరు నా మాటకు నవ్వేటోళ్లు."

ఆయన కోప్పడలేదు, జాలీ పడలేదు. "నవ్వాను," అన్నారు. "ఎన్నిసార్లు నవ్వానో నాకు గుర్తు కూడా లేదు." ఆయన భార్య లారీ పక్కన నిలబడి మా ఇద్దర్నీ చూస్తోంది. నా వైపు చూసిన ఆ చూపులో క్షమ లేదు. ఉండాలని నేనెప్పుడూ అనుకోలేదు. లారీ కదిలి ఖమ్మం రోడ్డెక్కింది.

ఆ వానాకాలం ఊరంతా ఒకటే మాట. ముసలిదాని చెయ్యి వణుకుతోందట, పెంకు జారి సారు చెవి పోయిందట. వాళ్లూ వీళ్లూ అవ్వను పిలవడం మానేశారు. పిలిచినవాళ్లు కూడా పిల్లల్ని చూరు కింద నుంచి లాక్కుపోతూ, ఆమెకు వినపడేలా ఆ మాట అనేవారు. అవ్వ ఒక్కరోజు కూడా కాదనలేదు. మా అమ్మకు కూడా చెప్పలేదు. నేను ఆమెతో కప్పులెక్కుతూ పెరిగాను. పని నేర్చుకున్నాను. అన్నేళ్లలో ఆమె ఆ పెంకు ఊసు నా దగ్గర ఎత్తలేదు. ఆమె పోయిన పదకొండో రోజున, చుట్టాలందరూ వాకిట్లో కూర్చుని ఉండగా, ఎవరో మళ్లీ ఆ మాట తెచ్చారు. అప్పుడు లేచి నిలబడి చెప్పాను. ఆ పెంకు అవ్వ చేతి నుంచి జారలేదు, నేనే విసిరాను అని. ఆలస్యంగా చెప్పాను. ఆమె వినే రోజుల్లో చెప్పాల్సింది.

మా రాష్ట్రం మాకు కావాలనుకోవడంలో తప్పు లేదని పదకొండేళ్లప్పుడు అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. రెండోసారి ఉద్యమం వచ్చినప్పుడు రోడ్డు మీద అందరితో కలిసి వంటలు వండాను, గొంతు పోయేదాకా అరిచాను. ఒకరోజు పక్కనున్న పిల్లలు రాళ్లు ఏరుతుంటే వాళ్ల మధ్యకు పోయి కూర్చున్నాను. కోపం మానుకోండని చెప్పలేదు, ఎందుకంటే అది నాకూ ఉంది. ఒక పెంకు విసిరితే ఎవరెవరు దాన్ని ఎన్నేళ్లు మోశారో చెప్పాను. కొందరు విన్నారు, కొందరు లేచిపోయారు.

తెలంగాణ వచ్చింది. నాకు మనవలు పుట్టారు. సారు వాళ్లు ఎక్కడ స్థిరపడ్డారో కనుక్కోవాలని చాలామందిని అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన ఎడమ చెవికి మళ్లీ ఎప్పుడైనా వినిపించిందో లేదో నాకు తెలియదు.